వెన్ను తిప్పిన ఊరు

రోజు 3,206

నూనె రెండు గిన్నెలు. అద్దం ఒకసారి తుడిచాను. గాలి పడమటి నుంచే, ఎప్పటిలాగే ఉప్పురవ్వతో.

ఈ దీపస్తంభం పుస్తకంలో రోజూ నాలుగు సంగతులు రాయాలి: నూనె, అద్దం, గాలి, చూపుమేర. మూడు రాశాను. నాలుగోది రాయడానికి చెయ్యి ఆడటం లేదు. సముద్రం మీద ఎంతవరకు కనిపిస్తోందో అదే చూపుమేర. దాదాపు తొమ్మిదేళ్లుగా నాలుగు కోసులనే రాస్తున్నాను. ఈ లోకం చిన్నది కాబట్టి నాలుగు కోసులు దాటాక నీరు కిందికి ఒంగిపోతుంది, దాని అవతల ఏమున్నా కనిపించదు.

ఇవాళ పొద్దున నీరు ఒంగలేదు. సముద్రం పళ్లెం అంచులా పైకి లేచి కనిపించింది. ఆ అంచు మీద, తూర్పున, ఒక గట్టు ఉంది. గట్టు మీద ఒక స్తంభం ఉంది.

ముత్యాలుని కేకేశాను. మా ఆయన వల బాగుచేసుకుంటున్నవాడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. దుర్భిణి కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. చివరికి ఒక్క మాట అన్నాడు.

“అన్న.”

మమ్మల్ని ఈ లోకంలో దింపిన ఓడ వెనకాలే మూడు రోజులకి రెండో ఓడ దిగాలి. దిగలేదు. అందులో అతని అన్న ఎర్రన్న ఉన్నాడు. అప్పట్నుంచి ముత్యాలు అన్నం తినేటప్పుడు మొదటి ముద్ద పక్కన పెడతాడు. పోయినవాళ్లకి పెట్టినట్టు కాదు, ఆలస్యంగా వచ్చేవాళ్లకి దాచినట్టు. నేను వెక్కిరిస్తాను, అతను ఊరుకుంటాడు. ఇవాళ వెక్కిరించలేదు.

చూపుమేర గడి ఖాళీగా వదిలేశాను.

రోజు 3,208

ఊరంతా మా స్తంభం ఉన్న గట్టు ఎక్కింది. ఊరంటే నలభై ఒక్కరం. మా గుడిసెలన్నీ గట్టుకి తూర్పు వాలున, గాలి తగలకుండా కింద ఉంటాయి. పడమటి వైపు ఎవరూ ముఖం పెట్టరు, ఉప్పురవ్వకి కళ్లు తెరవలేం. తలుపులు తూర్పుకే, దీపం తూర్పుకే. స్తంభానికి పడమర అంతా మూసిన గోడ.

దుర్భిణి చేతులు మారింది. అక్కడి గట్టు మీద కూడా మనుషులున్నారు. ఆ మాట వినగానే ఆడవాళ్లు ఏడ్చారు, మగవాళ్లు అరిచారు. నా వంతు వచ్చి చూశాక నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. అక్కడున్న వాళ్లందరూ అటు తిరిగి ఉన్నారు. ఒక్కరి ముఖమూ కనిపించలేదు. మధ్యాహ్నం దాకా చూశాం, ఒక్కరూ ఇటు తిరగలేదు. ఒక ఆడమనిషి భుజం మీద చంటిపిల్ల ఉంది, ఆ తల ఒక్కటే మా వైపు ఉంది. దాని మీదా గుడ్డ కప్పి ఉంది.

“ఇదేటి పెదనాయినా, ఒక్కలూ మనేపు సూడ్రు?” అని అడిగాను.

మా ఊరిపెద్ద గవరయ్య నవ్వాడు. “ఒలే అసిరీ, నువ్వు పల్లోళ్ల పిల్లవేనా? ఆళ్లు యీపుమొక్కు పట్టినారే! పడవ ఎల్లినాది. యీపు ఎటేపు పెట్టినారు? మనేపు. అంటే పడవ మనకాడికే వొత్తన్నాది!”

యీపుమొక్కు, అంటే వీపుమొక్కు, చేపలు పట్టే మా పల్లెవాళ్ల పాత ఆచారం. దూరం వెళ్లే పడవకి ఒడ్డున ఉన్నవాళ్లు వీపు పెట్టి, ముఖాన గుడ్డ కప్పుకుని నిలబడాలి. పడవ కనుమరుగయ్యే దాకా తిరగకూడదు, చూస్తే చూపు పడవని వెనక్కి లాగుతుంది. వెళ్లేవాడు కూడా వెనక్కి తిరిగి చూడకూడదు. గవరయ్య అలా చెప్పాక అందరికీ నిజమే అనిపించింది. నాకూ అనిపించింది. ఆ పూట ఎదురుగా వచ్చే పడవ కోసం చేపలు వండారు.

రోజు 3,212

పడవ రాలేదు.

ఇంకో సంగతి రాయాలి. నేను స్తంభం పైన ఒక్కదాన్నే ఉండి చూస్తే అక్కడి గట్టు మీద ఎవరూ ఉండరు. మావాళ్లు గట్టెక్కితే వాళ్లూ ఎక్కుతారు. మావాళ్లు దిగిపోతే వాళ్లూ దిగిపోతారు. మేము ఎప్పుడు వస్తామో వాళ్లకి తెలుసన్నట్టు ఉంటుంది. ఇవాళ లెక్కపెట్టాను. మా గట్టు మీద పదిహేడు మంది, అక్కడా పదిహేడు మంది.

గవరయ్యకి చెబితే “ఆళ్లకీ దుర్బిణి ఉంటాది, మనల్ని సూసే ఎక్కుతారు” అన్నాడు.

“సూసేవోళ్లయితే ముకం ఇటు ఉండాలి కదేటి?”

“నీకన్నీ అనుమానాలే” అని కోప్పడ్డాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

వాళ్ల స్తంభంలో దీపం కూడా వెలగడం లేదు. దీపం లేక పడవ దారి తప్పి ఉంటుందనీ, వాళ్లు కష్టంలో ఉన్నారనీ పంచాయితీలో తేల్చారు. ఉన్న ఒక్క పెద్ద పడవ మీద ముత్యాలు వెళ్తాడు. వాళ్ల దీపానికి నేనొక అద్దం చేసి పంపాలి.

“దూరపు కొండలు నునుపు, మావా” అన్నాను ఇంటికి వచ్చాక.

“కొండ కోసం కాదే నాను ఎల్తన్నది” అన్నాడు. నేను లేచి అద్దానికి గాజు వెతికాను.

రోజు 3,215

అద్దం నూరడం మొదలుపెట్టాను. ముందు గరుకు ఇసుక, తర్వాత మెత్తటి ఇసుక, చివర్న తుప్పు పొడి. మధ్యలో లావు, అంచుల్లో పలచన రావాలి. వెలుగు గాల్లోంచి గాజులోకి దిగేటప్పుడు కాళ్లకి బురద తగిలిన మనిషిలా నెమ్మదిస్తుంది. ఏటవాలుగా దిగితే ముందు బురద తగిలిన కాలివైపు తిరుగుతుంది. ఆ తిరుగుడుని అద్దం వంపుతో మన ఇష్టానికి తెచ్చుకోవడమే నా పనంతా. చెదిరిపోయే దీపపు వెలుగుని ఒక కట్టగా కట్టి దూరం పంపుతాను. పల్లెవాడికి ఇది పుట్టుకతో తెలుసు. నీళ్లలో చేప కనిపించిన చోట ఉండదు, దాని కిందికి గురిపెట్టి పొడవాలి.

సాయంత్రం కళ్లద్దాలు కట్టుకుని, గోనె కప్పుకుని స్తంభం పడమటి గోడకి వెళ్లాను. పగులు వచ్చింది. సున్నం పూశాను. గాలి నిలబడనివ్వక చెయ్యి జారి, మచ్చ వంకర బాతులా వచ్చింది. అటు ఎవరు చూడబోయారు అనుకుని వదిలేశాను.

రోజు 3,217

అద్దం మెరుపుకి వచ్చింది. దానితో దూరం చూసి పరీక్షించాను. వాళ్ల స్తంభం గోడ మీద కొత్తగా తెల్లటి మచ్చ ఉంది. వాళ్లూ మరమ్మతులు చేసుకుంటున్నారంటే బాగానే బతుకుతున్నారన్నమాట. ముత్యాలుకి చెబితే సంబరపడ్డాడు.

రోజు 3,221

ముత్యాలు వెళ్లాడు.

అద్దాన్ని గడ్డిలో చుట్టి ఇచ్చాను. నా చిన్న దుర్భిణి కూడా ఇచ్చాను. పడవ మోటారుకి బ్యాటరీ ఎనిమిది రోజులు వస్తుంది. పోవడానికి నాలుగు, రావడానికి నాలుగు. గాలి ఎప్పుడూ తూర్పుకే తోస్తుంది కాబట్టి బ్యాటరీ లేకుండా ఎవడూ వెనక్కి రాలేడు. ముందుకే పోయి లోకం చుట్టి రావాలంటే యాభై రోజులు, అతని దగ్గరున్న మంచినీళ్లు పది రోజులకే.

“నాలుగో రోజుకి అందకపోతే తిరిగొచ్చేత్తాను” అన్నాడు.

“ఒట్టెయ్యి.”

వెయ్యలేదు. చిలక్కొయ్యకి తగిలించిన ఎర్రగళ్ల తువ్వాలు మరిచిపోయాడు. పరిగెత్తి ఇవ్వబోతే గవరయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పటికే అందరూ గుడ్డలు కప్పుకుని వీపు తిప్పేశారు. నేనూ తిప్పాను. ముఖాన ఆ తువ్వాలే కప్పుకున్నాను. దానికి చేపల వాసన, అతని చెమట వాసన. పడమటి గాలికి ఎదురుగా నిలబడి, వెనక మోటారు చప్పుడు సన్నగిల్లడం విన్నాను. కళ్లెదుట అన్న గట్టు కనిపిస్తుంటే నాలుగో రోజున వెనక్కి తిరిగే మనిషి కాడతను. ఈ సంగతి గవరయ్యకీ తెలుసు, ఊరికీ తెలుసు. నాకు భయంగా ఉంది.

రోజు 3,223

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

ఇవాళ చేపలకి ఉప్పు పట్టించే గాజుతొట్టిలో అడుగున చిక్కటి ఉప్పునీళ్లు ఉన్నాయి. పైన మంచినీళ్లు గరిటెతో మెల్లగా పోశాను, కలపలేదు. ఇంతలో కొత్త గాజుముక్క పరీక్షించాలని సన్నటి వెలుగు చిమ్మే దీపం వెలిగించాను. ఆ వెలుగు పొరపాటున తొట్టి పక్కనుంచి లోపలికి పోయింది. తిన్నగా పోలేదు. పైన చప్పనీరు, కింద చిక్కనీరు కదా, పోతూ పోతూ చిక్కటి వైపు విల్లులా ఒంగింది. అద్దం లేదు, అంచు లేదు. నీళ్లే వెలుగుని వంచాయి.

గరిటె చేతిలోనే ఉండిపోయింది.

ఈ నెల సముద్రం మీద చలి. నీటిని ఆనుకుని గాలి చిక్కగా ఉంది, పైన పలచగా ఉంది. మేమంతా ఒక తొట్టిలో ఉన్నాం. నీరు ఎంత ఒంగుతుందో వెలుగూ అంతే ఒంగితే, అది సముద్రాన్ని వదిలి ఆకాశంలోకి పోదు. నీటిని అంటిపెట్టుకుని పోతూనే ఉంటుంది. గుండ్రటి ఇంటి గోడ పట్టుకుని నడిచేవాడు ఎక్కడ తేలతాడు?

స్తంభం ఎక్కి దుర్భిణి పెట్టాను. వాళ్ల గోడ మీది తెల్లమచ్చ వంకర బాతులా ఉంది. నేనే పూశాను దాన్ని. ఆరు రోజుల కిందట చూసి కూడా గుర్తుపట్టలేదు, నా కళ్లు మండ!

అక్కడ ఏ ఊరూ లేదు. తూర్పుకి చూస్తే మా చూపు లోకమంతా చుట్టి వచ్చి మా వీపులకే తగులుతోంది. మా గట్టుని పడమటి నుంచి ఎన్నడూ చూడలేదు కాబట్టి పోల్చుకోలేకపోయాం. దీపం వెలగలేదంటే వెలగదు మరి, అటున్నది మూసిన గోడ. పదిహేను రోజులుగా మమ్మల్ని మేమే వెనకనుంచి చూసుకుంటూ, ఇటు తిరగరేమా అని ఏడ్చాం.

లేని ఊరికి వెళ్తున్నాడు ముత్యాలు.

రోజు 3,224

తెల్లారగానే గవరయ్యని లాక్కొచ్చి తొట్టిలో వెలుగు చూపించాను. మచ్చ చూపించాను. అప్పటికీ నమ్మక, ఒక్కడే గట్టు మీద నిలబడి, దుర్భిణి కంటికి పెట్టుకుని ఎడమచెయ్యి ఎత్తాడు. దుర్భిణిలో ఒంటరిగా వీపు తిప్పి నిలబడ్డ ముసలివాడు ఎడమచెయ్యి ఎత్తాడు. గవరయ్య చెయ్యి దించి కూలబడ్డాడు. ఆయన కూతురు కూడా రెండో ఓడలోనే ఉంది. ఆ మాట ఇన్నేళ్లలో ఆయన ఎప్పుడూ అనలేదు.

“దీపంతో పిలు. ఎనక్కి రమ్మని పిలు” అన్నాడు కాసేపటికి.

“ఎలా సూత్తాడు? ఎనక్కి తిరక్కూడదని కదా మొక్కు! ముందుకే సూత్తాడు.”

అనేశాక నాకే తట్టింది. ముందుకి చూస్తే అతనికేం కనిపిస్తోంది? మా పడమటి గోడ. అక్కడ కనిపించేదేదైనా అతని ముఖం ముందే కనిపిస్తుంది. మనిషికి వీపు పెట్టి పిలిస్తే లోకం చుట్టూ తిరిగి ఎదురుగా పోయి వినిపిస్తుంది.

“గోడ పగలగొట్టాలి, పెదనాయినా. దీపం పడమటేపు ఎలగాల.”

“గాలొచ్చి దీపం ఆరిపోద్ది. అద్దాలు గీసుకుపోతాయి. ఊరికి ఉన్నదొక్కటే దీపం.”

“నాకూ ఉన్నదొక్కడే.”

ఆయన నన్ను ఒకసారి చూశాడు. సుత్తి తనే తీసుకున్నాడు.

గోడ మధ్యాహ్నానికి పడింది. ఉప్పుగాలి లోపలికి కొట్టింది. దీపం ఒక్కటీ చాలదని నాకు తెలుసు. ఎదుటి ఊరివాళ్లు దీపం వెలిగించి స్వాగతం చెబుతున్నారనుకుని ఇంకా జోరుగా పోతాడు. ముఖం కనిపించాలి. దీపాన్ని నా పక్కన, వెలుగు ముఖాన పడేలా పెట్టి, కళ్లద్దాలు తీసేసి, కంతలో నిలబడ్డాను. ఎడమకంటికి పెద్ద దుర్భిణి ఆనించాను. కుడికన్ను తెరిచే ఉంచాను. చేతిలో అతని ఎర్రగళ్ల తువ్వాలు.

తూర్పుకి పోయిన మొగుడి కోసం పడమటికి చూశాను. ముందు పడవ ముక్కు కనిపించింది. దాని వెనక, చాలా దూరంలో, మా గట్టు, మా గుడిసెల తలుపులు, మా దీపం. పడవ ముక్కున ముత్యాలు. నా వైపే చూస్తూ వస్తున్నాడు. గడ్డం మాసింది. నా దుర్భిణి అతని కంటికి ఆనించి ఉంది. అతనికి నేను వీపు పెట్టి నిలబడ్డాను, అతను నాకు వీపు పెట్టి పోతున్నాడు, అయినా ముఖాముఖి చూసుకున్నాం.

తువ్వాలు తిప్పాను. ఎంతసేపు తిప్పానో తెలియదు. కుడికంట్లో రవ్వ పడి నిప్పులా మండింది. మూస్తే ముఖం మారుతుందేమోనని మూయలేదు. అతను దుర్భిణి దించాడు. మళ్లీ పెట్టాడు. చేత్తో మెడ తడుముకున్నాడు, తువ్వాలు ఉండే చోట. అది అక్కడ లేదు.

తర్వాత పడవ ముక్కు పక్కకి తిరిగింది. పడవ పొడుగంతా కనిపించింది. ఆపైన అతని వీపు కనిపించింది.

మొగుడి వీపు చూసి సంతోషంతో ఏడ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రోజు 3,228

నూనె నాలుగు గిన్నెలు, రెండు వైపులా వెలిగించడం వల్ల. అద్దం పడమటి వైపు గీతలు పడ్డాయి. నా కుడికంటికి పొర వచ్చింది, తగ్గదనుకుంటాను.

ముత్యాలు పొద్దున ఒడ్డుకి వచ్చాడు. ఊరంతా సముద్రం వైపు ముఖాలు పెట్టి, కళ్లు తెరుచుకుని ఎదురుచూసింది. ఆచారం తప్పింది, ఎవరూ ఏమీ అనలేదు. అద్దం గడ్డిలో చుట్టింది చుట్టినట్టే తెచ్చాడు. ఆ పూట అన్నం పెడితే మొదటి ముద్ద పక్కన పెట్టలేదు. దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

“నాను బైలెల్లిన రోజే ఆళ్లు ఇటు తిరిగినారే” అన్నాడు. “అందరూ తిరిగినారు. ముకాలు నేవు, గుడ్డలు. దెయ్యాలనుకున్నాను. అయినా ఆటిలో అన్న ఉంటాడేమోనని ఒక్కో గుడ్డనీ సూసుకుంటూ ఎల్లినాను. ఒకదానికి ఎర్రగళ్లు. మా అన్నకీ అలాటిదే ఉండేది కదేటి. అదే పట్టుకుని మూడు రోజులు ఎల్లిపోనాను.”

ఆ గుడ్డ కింద ఉన్నది నేను. అతను ముద్ద నోట్లో పెట్టుకుని, నమలలేక ఏడ్చాడు. ఈ లోకంలో మేము తప్ప ఇంకెవరూ లేరు. అది అందరికీ తెలిసినా మొదట ఏడ్చింది ముత్యాలే.

రోజు 3,231

గోడ మళ్లీ కట్టడానికి రాళ్లు మోయించాడు గవరయ్య. కంతకి ఎదురుగా కుప్ప పోయించి, మూడు రోజులుగా దాని మీదే కూర్చుంటున్నాడు. కట్టమని చెప్పడు.

సాయంత్రం నేను గట్టు మీదికి ఒక్కదాన్నే వెళ్లాను. దుర్భిణి ఎడమకంటికి పెట్టి తూర్పుకి చూశాను. ఆ గట్టు ఇంకా ఉంది. దాని మీద ఒక ఆడమనిషి, నాకు వీపు పెట్టి. నేనే అని తెలిసినా ఒళ్లు జలదరించడం మానలేదు. ఎవరైనా నా వెనక నిలబడి అలా చూస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది.

తర్వాత ఆ స్తంభం మీది కంతలో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. మెడలో ఎర్రగళ్ల తువ్వాలు. ఉప్పుగాలికి కళ్లు చికిలించుకుంటూ, ఇటే తిరిగి నిలబడ్డాడు.

వెనక్కి తిరిగితే ముప్పై అడుగుల దూరంలో ఉన్నాడు. తిరగలేదు.

“మావా, అక్కడేటి సేత్తన్నావు?” అని తూర్పుకి చూస్తూనే అరిచాను.

“ఆ ఊళ్లో ఒక్కలైనా ఇటు తిరిగి ఉండాల కదే” అని నా వెనకనుంచి జవాబు వచ్చింది.

చూపుమేర గడిలో ఇవాళ మా ఊరి పేరు రాశాను. రేపు కంతలో నిలబడే వంతు గవరయ్య అడిగాడు, ఇస్తానన్నాను.